ఉండేవాళ్ళూ వెళ్ళేవాళ్ళూ

జూన్ 9

అక్కకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ బద్ధకమని మాత్రం అనకు. మా శిక్షణ కేంద్రంలో ఈమధ్య ట్రాక్టర్ల కంటే మీటింగులు ఎక్కువ నడుస్తున్నాయి. ట్రాక్టరైనా డీజిల్ అయిపోతే ఆగుతుంది, వీటికి ఆ అడ్డు కూడా లేదు.

సంగతేమిటంటే, ప్రభుత్వం మమ్మల్ని వదిలించుకుంటోంది. రైతులకి ఉచితంగా పనులు నేర్పే ఈ కేంద్రం ఇకమీదట కంపెనీ అవుతుందట. ఫీజులు పెట్టి, తన ఖర్చులు తానే రాబట్టుకుని, తన కాళ్ళ మీద తాను నిలబడుతుందట. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన మైకు పట్టుకుని, "మీకు స్వాతంత్ర్యం వచ్చిందనుకోండి" అన్నాడు. ఆవుల పెంపకం నేర్పే మా పాడి మేడమ్ లేచి, "ఎవరి నుంచండీ?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మైకులో మాట నాకు సగమే అందింది. ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు కదా. మిగతా సగం పాడి మేడమ్ నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. చూసేవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు.

ఇప్పుడు మేమంతా రెండు రకాలు. ప్రభుత్వంలోనే కొనసాగేవాళ్ళని పెద్దాయన "ఉండేవాళ్ళు" అన్నాడు. కంపెనీలోకి మారేవాళ్ళని "వెళ్ళేవాళ్ళు" అన్నాడు. తమాషా ఏమిటంటే, ఉండేవాళ్ళు పెట్టే బేడా సర్దుకుని మీ ఊళ్ళో ఉన్న హెడ్డాఫీసుకి పోవాలి. వెళ్ళేవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు, ఉన్నచోటే ఉంటారు. మా స్టోర్ కీపర్‌కి తల తిరిగిపోయింది. "సార్, నాకు ఉండాలనుందండీ. అంటే వెళ్ళాలా?" అని అడిగాడు. "అవునయ్యా, ఉండాలంటే వెళ్ళాలి," అని పెద్దాయన చాలా ఓపిగ్గా చెప్పాడు. అప్పట్నుంచి క్యాంటీన్లో ఇదే పాట. ఎవరు ఎదురైనా "ఉంటున్నావా, వెళ్తున్నావా?" అని అడగటం, ఎదుటివాడు నీళ్ళు నమలటం.

వచ్చే నెల మొదట్లో సంతకం పెట్టాలి. ఉంటే పింఛను ఉంటుంది. వెళ్తే కాంట్రాక్టు, వాళ్ళకి నచ్చినన్నాళ్ళు. ఒకసారి పెడితే మళ్ళీ మార్చుకోవడానికి లేదు.

ఫోన్‌లో మెసేజ్ పెట్టమన్నావు. నా డబ్బా ఫోన్‌లో తెలుగు తెరిస్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఉత్తరమే రాయి. నువ్వేమంటావో చూసి ఆలోచిస్తాను.

నీ తమ్ముడు


జూన్ 17

ఒరేయ్ గుండూ,

ఇందులో ఆలోచించడానికి ఏముందిరా? ఉండేవాళ్ళలో ఉండు. బుద్ధి ఉన్నవాడెవడైనా పింఛను వదులుకుని కంపెనీ వెంట పడతాడా? పైగా ఆ హెడ్డాఫీసు ఎక్కడుందనుకున్నావు? నా షాపు ముందు నుంచి నడుచుకుంటూ పోతే బస్సులు తిరిగే చౌరస్తా దాటాక ఎడమ చేతి వైపు, మెట్లు ఎక్కువగా ఉన్న పాత భవనం. వాళ్ళ గుమాస్తాల ప్యాంట్లు పొడుగు తగ్గించేది నేనే.

పై గది ఉంది. ఇప్పుడు అందులో నర్సమ్మ ఉంటోంది, పెద్దాసుపత్రిలో పనిచేసే పిల్ల. మంచిది. డ్యూటీ నుంచి వచ్చి ఒక చెప్పు విడుస్తుంది, కాసేపాగి రెండోది విడుస్తుంది. ఆ రెండో చప్పుడు కోసం నేను కింద కాచుకుని ఉంటాను. నవ్వకు. ఇంట్లో ఇంకో మనిషి ఉందని నాకు తెలిసేది దాంతోనే.

మీ బావ పోయాక నాకు మాట్లాడే పని తప్పిపోయింది. పగలంతా షాపులో "భుజం కొంచెం ఎత్తండి, ఊపిరి వదలండి, నడుం ఇంతేనా" అంటాను. షట్టర్ దించాక గొంతుకి సెలవే. మొన్న కూర మాడితే "అయ్యో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నువ్వు పెళ్ళి చేసుకోమంటే చేసుకోలేదు. ట్రాక్టర్లని కట్టుకుని కాపురం చేశావు. అవైనా నీకు వండి పెడతాయా? నా దగ్గరికి వస్తే వేళకి భోజనం దొరుకుతుంది, నాకు తిట్టడానికి ఒక మనిషి దొరుకుతాడు. ఇద్దరికీ లాభమే. నీ కంపెనీ కంటే ఇది నయమైన వ్యాపారం.

అక్కడ నీకు ఏ పని ఇస్తారో కనుక్కుని రాయి. కుర్చీ పని అయితే వెన్ను నొప్పికి దిండు కుడతాను.

మీ అక్క


జూలై 2

అక్కకి,

హెడ్డాఫీసులో ఏదో కుర్చీ పనేనట. పెద్ద వివరాలేమీ లేవు.

ఇక్కడ ఉచిత శిక్షణలో చివరి బ్యాచి నడుస్తోంది. అందరూ ఆడవాళ్ళే. ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించి వెనక్కి నడపడం నేర్పుతున్నాను. ఇది రాకపోతే ఎన్నేళ్ళు నడిపినా డ్రైవర్ కాదు. చిక్కేమిటంటే, ట్రాలీ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. మనసు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకోటి చెయ్యాలి. కోళ్ళఫారం నడిపే ఒకావిడ ఉంది, భారీ మనిషి, నోరు అంతకంటే భారీ. ట్రాలీని తీసుకెళ్ళి నేరుగా మా ప్రిన్సిపాల్ గారి స్కూటర్ మీద పెట్టింది. దిగి వచ్చి, "మాస్టారూ, నేను ఎడమకే తిప్పాను, మీ స్కూటరే కుడికి వచ్చింది," అంది. ఈవిడ మాట మాత్రం నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. అంత గొంతు.

సాయంత్రం అందరూ వెళ్ళాక షెడ్డులో కాసేపు కూర్చుంటాను. ఏ పనీ ఉండదు. గుడ్డముక్కతో ఏదో ఒకటి తుడుస్తూ ఉంటాను. పాడి మేడమ్ ఉంటున్నానని చెప్పేసింది, వచ్చేవారమే ప్రయాణం. స్టోర్ కీపర్ కూడా అంతే. వాళ్ళ క్వార్టర్ల ముందు అట్టపెట్టెలు కనబడుతున్నాయి. క్యాంటీన్లో నా బల్ల దగ్గర ఇక ఎవరూ ఉండరు.

నీ మాటలు నా తలలో తిరుగుతూనే ఉన్నాయి అక్కా. కూర మాడిన సంగతి చదివి చాలాసేపు బయటికి రాలేకపోయాను. అయినా అన్నీ ఆలోచించాను. నేను ఉంటాను. రేపు సంతకం పెడుతున్నాను. ముందు నీకు చెప్పాలనిపించింది.

నీ తమ్ముడు


జూలై 10

ఒరేయ్ గుండూ!

బతికించావు. "నేను ఉంటాను" అన్న చోట వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ పూట షాపు మూసేశాను. ఎవరిదో పెళ్ళి బట్టలు ఉన్నాయి, వాళ్ళు వచ్చి షట్టర్ కొట్టారు. తీయలేదు. ఒక్కపూట వాళ్ళ తొందర వాళ్ళది, నా సంతోషం నాది.

నా మాట పెడచెవిన పెడతావనుకున్నాను. చిన్నప్పట్నుంచీ నీది మొండి ఘటం కదా. కూర మాడినందుకు ఇంత ఫలితం ఉంటుందంటే రోజూ మాడ్చేదాన్ని.

నర్సమ్మ ఆదివారం సామాన్లు తీసుకుని వెళ్ళిపోయింది. పై గది గురించి ఇప్పుడేమీ చెప్పను, నువ్వే చూస్తావుగా. ముందు నీ చొక్కా కొలతలు పంపు. గ్రీజు మరకల ఖాకీలతో కొత్త కొలువులో అడుగుపెడితే జనం ఆడిపోసుకునేది నిన్ను కాదు, నన్ను. టైలరమ్మ తమ్ముడికి ఒంటి నిండా బట్టల్లేవా అంటారు. మెడ కొలత సరిగ్గా చూసుకో. నీది మెడ కాదు, స్తంభం.

రాయాల్సింది చాలా ఉంది. రాయను. అన్నీ ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

మీ అక్క


జూలై 28

అక్కకి,

నీ ఉత్తరం కోసం భయపడుతూ ఎదురుచూశాను. నాలుగు పేజీల తిట్లు వస్తాయనుకుంటే "బతికించావు" అని వచ్చింది. గుండె మీది బరువు దిగింది. నిజం చెప్పనా? దాంతోపాటే కొంచెం చివుక్కుమంది కూడా. నేను రావటం లేదంటే అక్క షాపు మూసి పండగ చేసుకుందేమిటి అనిపించింది. ఆ మాత్రానికి రమ్మని అంత బతిమాలడం ఎందుకు? పోనీలే, ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడే ఉండనీ అని పెద్ద మనసు చేసుకున్నావనుకుంటాను.

ఇక్కడ అన్నీ మారిపోయాయి. గేటు మీద పాత బోర్డు దించి కొత్తది పెట్టారు, ఆకుపచ్చ ఆకు బొమ్మతో. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళని ఇక "కస్టమర్లు" అనాలట. హాస్టల్‌కి పరదాలు కట్టి గెస్ట్ హౌస్ చేశారు. కొత్త సారు కుర్రవాడే, మర్యాదస్తుడు. నన్ను చూసినప్పుడల్లా తన రెండు బుగ్గల మీదా వేళ్ళు పెట్టి చూపిస్తాడు, నవ్వమని. ట్రాలీ వెనక్కి పోతుంటే నవ్వితే మనిషి కింద పడతాడని ఆయనకి ఎవరు చెప్పాలి?

చొక్కాల శ్రమ పెట్టుకోకు. కంపెనీవాళ్ళే ఆకు బొమ్మ టీషర్టులు ఇచ్చారు. అందులో నేను క్యాబేజీలా ఉన్నాను.

నర్సమ్మ వెళ్ళిపోయిందని చదివి బాధేసింది. ఆ రెండో చెప్పు చప్పుడు లేకుండా ఎలా ఉంటున్నావో. గది ఖాళీగా ఉంచకు అక్కా, ఇంకో మంచి మనిషిని చూసి అద్దెకిచ్చుకో. సెలవు దొరికినప్పుడు చూడ్డానికి వస్తాను.

నీ తమ్ముడు


ఆగస్టు 4

గేర్ మాస్టారు గారికి,

తమరి ఉత్తరం అందింది. మొదట ఎవరిదో ఉత్తరం పోస్టుమ్యాన్ పొరపాటున నాకిచ్చాడనుకున్నాను. దస్తూరీ నీదే.

ఉండేవాళ్ళంటే హెడ్డాఫీసుకి వచ్చేవాళ్ళని నాకు చెప్పింది ఎవరు? ఉండాలంటే వెళ్ళాలి అని నవ్వుతూ రాసింది ఎవరు? నువ్వు నేర్పిన భాషలోనే నిన్ను చదువుకున్నాను. మళ్ళీ నువ్వే దాన్ని మార్చేశావు, నాకు చెప్పకుండా.

నర్సమ్మ తనంతట తాను వెళ్ళలేదు. నేను పొమ్మన్నాను. "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా ఆంటీ?" అని అడిగింది. "తప్పేం లేదమ్మా, మా తమ్ముడు వస్తున్నాడు," అని వీధంతా వినబడేలా చెప్పాను. పై గదికి సున్నం వేయించాను. కిటికీ దగ్గరికి మంచం జరిపించాను, నీకు గాలి కావాలని. పరదాలు కుట్టాను. ఇప్పుడు వీధిలో ఎవరు కనబడ్డా "తమ్ముడు వచ్చాడా?" అంటున్నారు. ఏం చెప్పను? మా తమ్ముడు ఉండిపోయాడు, అందుకని రాలేదని చెప్పనా?

నా సంతోషం చూసి నీకు చివుక్కుమందా? నువ్వు రావని తెలిసి పండగ చేసుకుంటాననుకున్నావా? ఒక్క కడుపున పుట్టి, ఇన్నేళ్ళూ నన్ను చూసి, ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

పొరపాటు సంగతి పోనీ. మాట తప్పడం సంగతేమిటి? రెండేళ్ళ కిందట మా ఇంటికి వచ్చినప్పుడు నాకు మాట ఇచ్చావు. నీ నోటితో ఇచ్చావు.

అక్క


ఆగస్టు 19

అక్కకి,

నీ ఉత్తరం చదివాక నీకు రాసినవన్నీ గుర్తు చేసుకుని, నువ్వు ఎలా చదివి ఉంటావో అలా చదువుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. క్యాంటీన్లో అందరూ ఆ మాటని ఏ అర్థంలో వాడుతున్నారో రాసేటప్పుడు నాకు తట్టనే లేదు, "నేను ఉంటాను" అంటే ఇక్కడే ఉంటానని నాకు మామూలు తెలుగు. నీకు మామూలు తెలుగు కాకుండా చేసింది నేనే.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. హెడ్డాఫీసులో నాకు ఇచ్చే కుర్చీ ఏమిటో నాకు ముందే తెలుసు. రైతులు ఫోన్ చేసి సలహాలు అడిగే గది ఉంటుంది కదా, అందులో. నెత్తికి ఆ గొట్టాలు తగిలించుకుని పొద్దస్తమానం ఫోన్ వినాలి. నేను! ఎవడో రైతు "మందు ఎంత కలపాలండీ?" అని అడుగుతాడు, నేను "ఆఁ ఆఁ" అంటాను, వాడి చేను మాడిపోతుంది. చెవులు బాగా పోయాయని చెప్పుకుందామంటే మెడికల్ బోర్డుకి పంపి, పనికిరాడని రాసి ఇంటికి పంపేస్తారు. కంపెనీవాళ్ళు నా చెవుల గురించి అడగనే లేదు. ఎన్ని బ్యాచిలు లాగగలవని అడిగారు, అంతే.

నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువే పోయాయి అక్కా. చెవి మిషన్ పెట్టుకోమంటావు. పెట్టుకుని చూశాను. అది అన్నిటినీ పెంచుతుంది, మాటని మాత్రం మాటగా ఇవ్వదు. గిన్నె పడితే పిడుగు పడినట్టుంటుంది, మనిషి మాట్లాడితే డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టుంటుంది. పొలంలో ఈ బాధ లేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎవరికీ ఏమీ వినబడదు, అందరూ చేతులతోనే మాట్లాడతారు. అక్కడ నేనూ అందరిలాంటి వాణ్ణే.

మాట ఇచ్చానన్నావు. ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రావటం లేదు. ఆ వచ్చినప్పటి సంగతి ఒక్కటి చెబుతాను. నువ్వు సంతోషంతో ఒక్క నిమిషం ఊరుకోలేదు. వంటింట్లోంచి, మెట్ల మీంచి, మిషన్ కుడుతూ, అటు తిరిగి ఇటు తిరిగి మాట్లాడుతూనే ఉన్నావు. నాకు నీ గొంతు వస్తోందని తెలిసేది, మాట తెలిసేది కాదు. ఎన్నిసార్లని "ఏమన్నావు?" అంటాను? నీ ముఖం చూసి, నువ్వు నవ్వితే నేనూ నవ్వాను. "ఆఁ", "అలాగే" అంటూ గడిపేశాను. తిరిగి వచ్చాక, అన్ని రోజులు నీ పక్కన ఉండి కూడా నీతో మాట్లాడలేదన్న దిగులు పట్టుకుంది. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అందులో నువ్వు మొత్తం వినిపించావు, ఒక్క మాట పోకుండా. అప్పుడే అనుకున్నాను, అక్క దగ్గర ఉంటే అక్క దొరకదని.

ఇది నీకు పిచ్చిగా అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది, ముఖ్యంగా ఆదివారాలు.

నేను ఏం మాట ఇచ్చానో చెప్పు.

కంపెనీ సంగతి కూడా అంతంత మాత్రమే. ఫీజు పెట్టాక ట్రాక్టర్ పనికి ఇద్దరే వచ్చారు. బ్యాచి నిండకపోతే నడపరట. నేను రోజూ షెడ్డు తెరిచి, కూర్చుని, మూసి వస్తున్నాను.

నీ తమ్ముడు


సెప్టెంబర్ 1

ఒరేయ్ గుండూ,

చెబుతాను.

ఆ సాయంత్రం నేను గిన్నెలు కడుగుతున్నాను. నువ్వు వంటింటి గుమ్మం అవతల స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నావు. నీ వైపు తిరిగి అడగటానికి నాకు మనసొప్పలేదు. నేను పెద్దదాన్ని. నీ ముక్కు తుడిచినదాన్ని. నిన్ను ఒకటి అడగాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అందుకని గోడకి చెప్పినట్టు, పంపు తిప్పి ఉంచి అడిగాను. "నాకు ఒక్కదాన్నే ఉండటం చేతకావటం లేదురా. వచ్చి నా దగ్గర ఉండిపోకూడదా?" అన్నాను.

నువ్వు "ఆఁ, అలాగే," అన్నావు. వెంటనే, "ఇంకొంచెం టీ ఉందా?" అన్నావు.

ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడో నా తమ్ముడు అనుకున్నాను. నీ కప్పులో టీ పోస్తుంటే నా కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. నువ్వు నా ముఖం చూసి నవ్వావు. టీ ఆవిరనుకున్నావో ఏమో. ఆ నవ్వు కూడా జవాబులో భాగమే అనుకున్నాను.

రెండేళ్ళు ఆ "అలాగే" మీద బతికాను. హెడ్డాఫీసు సంగతి రాగానే అందుకే ఎగిరి గంతేశాను. నువ్వు వస్తావా రావా అని నాకు సందేహమే లేదు, ఎప్పుడు వస్తావనే తప్ప. నీ తప్పు లేదు. నా తప్పు కూడా లేదనే అనుకుంటున్నాను. పంపుది తప్పు.

ఇన్నాళ్ళూ నీతో మాట్లాడానని నేను అనుకున్నవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మీ బావ ఆఖరి రోజుల సంగతి నీకు మెట్ల మీద చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఒకరికి చెప్పానులే అని గుండె కాస్త తేలికపడి ఉండేది. ఇప్పుడు చూస్తే ఎవరికీ చెప్పలేదన్నమాట.

సరే. ఇప్పుడు కాగితం మీద, నీ ముఖం ముందు నిలబడి అడుగుతున్నాను. ప్రభుత్వం పోనీ, పింఛను పోనీ, అది ఎటూ నువ్వు సంతకం పెట్టి వదిలేశావు. కంపెనీకి కూడా ఒక దండం పెట్టి వచ్చేయ్. గది ఉంది. నాకు నువ్వు కావాలి. వస్తావా?

కాదంటే కాదను. ఏడుస్తాను, ఊరుకుంటాను. కానీ ఈసారి విని చెప్పు.

మీ అక్క


సెప్టెంబర్ 12

అక్కా,

విన్నాను.

ముందు బావ సంగతి. మెట్ల మీద ఏం చెప్పావో రాయి. ఎంత పొడుగైనా రాయి. నేను చదువుతాను.

రెండోదానికి జవాబు. నేను రాలేను.

"చూద్దాం", "ఆలోచిస్తాను" అని రాయొచ్చు. అది మళ్ళీ "ఆఁ" అన్నట్టే అవుతుంది. వద్దు. నేను వస్తే మొదటి వారం నువ్వు నా ఎదురుగా వచ్చి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా చెబుతావు. పలక మీద రాస్తావు. తర్వాత విసుగొస్తుంది. రాదని నువ్వంటావు, వస్తుంది. నేను పై గదిలో ఉంటాను, నువ్వు కింద ఉంటావు. పిలిచి పిలిచి ఊరుకుంటావు. అప్పుడు ఇంట్లో మనిషి ఉండి కూడా లేనట్టు ఉంటుంది. అది నీకు ఇప్పటి కంటే కష్టం. నాకు మరీ కష్టం.

ఇక్కడ ఒక బ్యాచి వచ్చింది. కోళ్ళఫారం ఆవిడ చలవ. "మా మాస్టారు నేర్పితేనే నేర్చుకోండి" అని తన చుట్టుపక్కల వాళ్ళందర్నీ ఫీజు కట్టించి పట్టుకొచ్చింది. మళ్ళీ పొద్దున్నే మొదలుపెడుతున్నాను. ఎన్నాళ్ళు సాగుతుందో తెలీదు. కానీ పొద్దున లేవడానికి ఒక కారణం ఉంది.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. బావ చనిపోయిన ఏడాదే నిన్ను ఇక్కడికి తెచ్చుకుందామని ఆఫీసులో అడిగాను. నీకు చెప్పలేదు. ప్రభుత్వ క్వార్టర్లో కుటుంబం అంటే భార్య, పిల్లలు, తల్లిదండ్రులు. అక్క కుటుంబం కిందికి రాదన్నారు. ఇప్పుడు అదే క్వార్టర్‌కి కంపెనీ నా దగ్గర అద్దె తీసుకుంటోంది. లోపల ఎవరుంటున్నారో అడగటం మానేశారు. నువ్వు నాకు ఏమవుతావో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నేను పొలంలో ఉంటాను. సాయంత్రం ఎదురెదురుగా కూర్చుందాం, పంపు కట్టేసి.

నువ్వే రాకూడదా?

నీ తమ్ముడు


సెప్టెంబర్ 24

ఒరేయ్ గుండూ,

నీ జవాబు చదివి బాగా ఏడ్చాను. ముఖం కడుక్కుని మళ్ళీ చదివాను. రెండోసారి "విన్నాను" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

అక్క కుటుంబం కాదన్నారని అప్పుడే ఎందుకు చెప్పలేదురా? నన్ను ఒక్కసారైనా ఎవరూ రమ్మని అడగలేదనే అనుకుంటూ ఈ రెండు గదుల్లో కూర్చున్నాను. నువ్వు అడిగి, వాళ్ళు కాదని, నువ్వు మింగి ఊరుకున్నావు. నేను పంపు తిప్పి అడిగితే, నువ్వు అసలు నా దాకా రానివ్వకుండా అడిగావు. బాగుంది మనిద్దరి సంబడం.

నేనూ రాలేను. ఇది కోపంతో అంటున్నది కాదు, కోపం పోయింది. ఈ వీధిలో నేను టైలరమ్మని. పొద్దున షట్టర్ ఎత్తితే ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకామె కూతురికి మొదటి గౌను కుట్టాను, ఇప్పుడు ఆ కూతురి కూతురికి కుడుతున్నాను. అక్కడికి వస్తే మాస్టారు గారి అక్కనై, నీ క్వార్టర్ కిటికీలోంచి ఎవరివో ట్రాక్టర్లు చూస్తూ కూర్చోవాలి. ఆ టీషర్టు వేసుకుని నువ్వు పొలానికి పోతావు, నేను మళ్ళీ సాయంత్రం కోసం కాచుకోవాలి. కాచుకోవడమే అయితే ఇక్కడే కాచుకుంటాను, చేతిలో పనైనా ఉంది.

నువ్వు రావు. నేను రాను. ఇంత కచ్చితంగా మనం ఇంతకుముందెప్పుడూ మాట్లాడుకోలేదు కదూ.

పై గదికి "అద్దెకు ఇవ్వబడును" అని అట్ట కట్టాను. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు. పరదాలు బాగున్నాయన్నారు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తాను. వీధివాళ్ళకి మా తమ్ముడు రాడని చెప్పేశాను. ఒకామె "అయ్యో" అంది. ఆ అయ్యోకి కూడా అలవాటు పడుతున్నాను. మధ్యాహ్నాలు ఫర్వాలేదు. షట్టర్ దించాకే ఇల్లు మరీ పెద్దదైపోతోంది.

మీ బావ సంగతి ఈ ఉత్తరంలోనే రాద్దామని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. మెట్ల మీద చెప్పినంత తేలిగ్గా రాదు. కొంచెం కొంచెంగా రాస్తాను. ఒకరోజు ఆసుపత్రి సంగతి, ఒకరోజు ఆయన చివరగా అడిగిన పాట సంగతి. మధ్యలో కూర సంగతీ, కస్టమర్ల సంగతీ వస్తాయి. వంటింట్లోంచి మాట్లాడినట్టే, వెనకా ముందూ లేకుండా రాస్తాను. నీకు అడ్డం తగలాలనిపిస్తే తగులు.

ఒక్కటే షరతు. జవాబు రాసేటప్పుడు ముందు నేను ఏమన్నానో నాకు తిరిగి చెప్పు. తర్వాత నీ సంగతులు రాసుకో.

మీ అక్క